ఆ సామెత ఆవిడ అనుకోవచ్చు, మనం అనకూడదు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్ళుగా మాడ్రిడ్‌లో ఉంటున్నాం. మూడేళ్ళ పాప ఉంది. మా కింది అంతస్తులో 76 ఏళ్ళ పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఈ ఊళ్ళో నాకు పెద్దదిక్కు ఆవిడే. నోరు తెరిస్తే సామెత చెబుతారు. మా స్పానిష్ క్లాసులో టీచర్ కూడా 50 సామెతలున్న కాగితం ఇచ్చి నేర్చుకోమన్నారు. నవంబర్ 1న ఆవిడ భర్త సమాధి దగ్గరికి వెళ్ళొచ్చి, తెల్లటి మిఠాయి ఏదో పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆయన గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. ధైర్యం చెప్పాలనిపించి, ఆ కాగితంలో చదివిన "ఎల్ ముయెర్తో ఆల్ ఓయో, ఇ ఎల్ బీవో ఆల్ బోయో" అనే సామెత అన్నాను. పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళు బతకాలి అని దాని అర్థం అనుకున్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. కాసేపటికి లేచి వెళ్ళిపోయారు. రెండు వారాలైంది, మా ఇంటికి రాలేదు. "పెద్దావిడ కదా, మర్చిపోతుందిలే" అంటారు మావారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో విషయం. జనవరిలో మా అత్తగారు, మామగారు మూడు నెలలు ఉండటానికి వస్తున్నారని అంతకుముందు ఆవిడకు చెబితే, "ఎల్ కసాదో కాసా కియేరె" అన్నారు. పెళ్ళయినవాడికి ఇల్లు కావాలి అనట. అంటే వాళ్ళను రానివ్వొద్దనా? అసలు ఈ సామెతలు నేర్చుకోవాలా, వదిలేయాలా?
– ఒక సోదరి, మాడ్రిడ్

సమాధానం:

అమ్మా,

ముందు మీకు నిద్ర లేకుండా చేసిన మాట సంగతి చూద్దాం. మిగతావి తర్వాత.

మీ కాగితంలో ఉన్న అర్థం తప్పు కాదు. కానీ అది తాత్పర్యం మాత్రమే. ఆవిడ చెవిన పడింది తాత్పర్యం కాదు, మాటలు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబితే ఇలా ఉంటాయి: "చచ్చినవాడు గోతికి, బతికినవాడు రొట్టెకి." ఓయో అంటే గొయ్యి. బోయో అంటే తియ్యటి బన్ను లాంటిది. ప్రాస కుదరడంతో వినడానికి పాటలా ఉంటుంది గానీ మాట మాత్రం మొరటుది. ఎవరో పోయి నెల తిరక్కుండానే ఇంట్లోవాళ్ళు ఆస్తి పంపకాల్లోనో, విందుల్లోనో పడితే, చూసిన ఊరివాళ్ళు ఎత్తిపొడుపుగా అనే సామెత అది. లేదంటే దుఃఖంలో ఉన్న మనిషి తనకు తానే, ఇక లేచి నాలుగు మెతుకులు తినక తప్పదు కదా అన్నట్టు అనుకునేది.

మీరు ఆ మాట అన్న రోజు ఎలాంటిదో కూడా చూడండి. నవంబర్ 1 అక్కడ తోదోస్ లోస్ సాంతోస్, సకల పునీతుల పండుగ. ఊరూరా జనం సమాధుల తోటలకు వెళ్ళి, రాళ్ళు కడిగి, చామంతులు పెట్టి వస్తారు. మీరు రాసిన తెల్లటి మిఠాయి బహుశా ఉఎసోస్ దె సాంతో అయి ఉంటుంది. పునీతుడి ఎముకలు అని దాని పేరు. బాదం పిండి, చక్కెర కలిపి చిన్న గొట్టాల్లా చుట్టి, లోపల గుడ్డు సొనతో చేసిన తీపి పెడతారు. ఆ రోజుల్లో పోయినవాళ్ళను తలుచుకుంటూ తింటారు. ఆవిడ పొద్దున్నే భర్త సమాధికి పూలు పెట్టి వచ్చారు. చేతిలో మిఠాయి ఉంది. ఎదురుగా మీరు, "చచ్చినవాడు గోతికి, బతికినవాడు మిఠాయికి" అన్నట్టయింది.

ఇదే గుంటూరులో జరిగిందనుకోండి. మీ అమ్మమ్మ మీ తాతగారిని తలుచుకుని, ఆయన అంత మంచివారు, ఇంత మంచివారు అని కళ్ళు తుడుచుకుంటున్నారు. తెలుగు నేర్చుకుంటున్న స్పెయిన్ అమ్మాయి ఒకామె పక్కన కూర్చుని, ఎక్కడో చదివిన "చచ్చినవాడి కళ్ళు చారెడు" అనే సామెతను ప్రేమగా అందనుకోండి. పోయాక మనిషిలోని మంచే గుర్తుంటుందని ఆ పిల్ల ఉద్దేశం. మీ అమ్మమ్మకు వినపడేది అదేనా?

మిమ్మల్ని బాధపెట్టడానికి ఇది రాయడం లేదు. ఆవిడ ముఖం ఎందుకు మారిందో మీకు తెలియాలి. తెలిస్తేనే క్షమాపణ సరిగ్గా అడగగలరు.

ఈ సామెత చాలా పాతది. 1605లో అచ్చయిన దోన్ కిహోతె అనే స్పానిష్ నవల మొదటి భాగంలోనే దీని పాత రూపం ఉంది. రచయిత సెర్వాంతెస్ దాన్ని ఎవరి నోట పెట్టారో చూడండి. రాత్రిపూట కొందరు దివిటీలు పట్టుకుని ఒక శవాన్ని వేరే ఊరికి తీసుకెళ్తుంటారు. కథానాయకుడు దోన్ కిహోతె ఏదో ఊహించుకుని వాళ్ళ మీద పడి చెదరగొడతాడు. ఆ సందట్లో సేవకుడు సాంచో పాన్సా వాళ్ళ కంచరగాడిద మీదున్న తిండి మూటకట్టుకుంటాడు. అయ్యగారేమో పాడె మీద ఉన్నవి ఎముకలేనా, కాదా చూద్దామంటాడు. సాంచోకి ఆకలి. అప్పుడంటాడు, చచ్చినవాడు సమాధికి పోవాలి, బతికినవాడు రొట్టె దగ్గరికి పోవాలి అని. పోయిన మనిషి ఎవరో సాంచోకి తెలియదు. పక్కన పోయినవాడి భార్య లేదు, తల్లి లేదు. ఆకలేసినవాడు తన ఆకలి గురించి చెప్పుకున్న మాట అది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. దుఃఖం గురించి, చావు గురించి, పేదరికం గురించి ఉన్న సామెతల్లో చాలావాటి మీద హక్కు ఆ బాధ పడుతున్నవాళ్ళది. మీ కింది ఇంటావిడే మిఠాయి కొరికి, నిట్టూర్చి, "ఏం చేస్తాం, ఎల్ ముయెర్తో ఆల్ ఓయో..." అని ఉంటే అది గుండె దిటవు. మనం అంటే గాయం. మాట అదే, నోరు వేరు.

మీవారి మాట కొట్టిపారేయను, ఆవిడ మర్చిపోవచ్చు కూడా. అయినా ఊరుకోవద్దనే నా సలహా. ఆ వయసు మనిషి ఒంటరిగా ఉంటున్నారు. రెండు వారాలుగా రాకపోవడానికి కారణం మీ మాటే కాకపోవచ్చు, ఒంట్లో బాగోలేదేమో. అందుకోసమైనా ఈ రోజే కిందికి దిగండి.

వాట్సాప్‌లో సారీ పెట్టొద్దు. సాయంత్రం ఐదున్నర, ఆరు గంటల మధ్య వెళ్ళండి. మధ్యాహ్నం కునుకు అయిపోయి, మనం టీ తాగినట్టు వాళ్ళు మెరియెందా అని చిరుతిండి తినే వేళ అది. ఆవిడ మిమ్మల్ని చనువుగా "తూ" అనమని ఎప్పుడైనా చెప్పి ఉన్నా, ఈ ఒక్కసారికి "ఉస్తెద్" అనే పిలవండి. మన "మీరు" అన్నమాట. "పెర్దోనె, ఎల్ ఓత్రో దీయా దిహె ఊనా కోసా కె నో దెబీయా" అంటే చాలు. క్షమించండి, మొన్న అనకూడని మాట అన్నాను అని అర్థం. నాకు భాష రాదు, టీచర్ ఇచ్చిన కాగితంలో ఉంది, మా ఊళ్ళో అయితే ఇలా అనం అంటూ సంజాయిషీ పెంచొద్దు. "ఆ లో ఎచో, పెచో" అని వాళ్ళకే ఒక సామెత ఉంది. చేసిన పనికి రొమ్ము చూపించి నిలబడాలని. అది పైకి అనక్కర్లేదు, అలా నిలబడితే చాలు.

చేతిలో తినేది ఏదైనా పట్టుకెళ్ళండి. "లోస్ ద్వేలోస్ కొన్ పాన్ సోన్ మేనోస్" అనేది నాకు ప్రాణం లాంటి సామెత. రొట్టె తోడుంటే దుఃఖాలు తగ్గుతాయి. ఇది కూడా సాంచో నోట వినిపించే మాటే. కరువులూ ఆకలీ ఎరిగిన నేల మీద పుట్టిన సామెత కాబట్టి, రొట్టె దుఃఖాన్ని పోగొడుతుందని అనలేదు, కాస్త తగ్గిస్తుందన్నారు. చావింటికి వంట చేసి పంపే మన ఊళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మినప సున్నుండలు చేయండి. కారం ఉండదు, పళ్ళకు ఇబ్బంది ఉండదు, బాదం మిఠాయి తినే నోటికి నచ్చుతుంది.

కూర్చోమంటే కూర్చోండి. ఆయన పేరేమిటి, ఏం పని చేసేవారు, ఎలా కలుసుకున్నారు అని అడగండి. ఆ రోజు ఆవిడ చెప్పబోయి ఆగిపోయింది అదే కదా. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎవరైనా పోయినప్పుడు పలకరింపుగా అనడానికి స్పానిష్‌లో మర్యాదైన మాట ఒకటి ఉంది: "లె అకొంపాన్యో ఎన్ ఎల్ సెంతిమియెంతో." మీ బాధలో మీకు తోడుగా ఉన్నాను అని. ఇది సామెత కాదు, అందరూ అనే మాట. అలాంటి సమయంలో కొత్త మాట కంటే అందరూ అనే మాటే భద్రం.

నాకూ ఇలాంటిది జరిగింది కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. స్పెయిన్‌లోని సలమాంకాలో చదువుకునేటప్పుడు ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటి అబ్బాయి పరీక్ష తప్పాడు. వాడి తండ్రి పక్కనే ఉన్నారు. అంతకుముందు వారమే నేర్చుకున్న "దె తాల్ పాలో, తాల్ అస్తీయా" అన్నాను. ఏ కర్రకు ఆ చీలికే అని. తండ్రికి తగ్గ కొడుకు అని మెచ్చుకోవడానికీ అదే అంటారు, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని దెప్పడానికీ అదే అంటారు. పరీక్ష తప్పిన రోజున ఏది వినపడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రంతా కుమిలిపోయి, పొద్దున్నే వెళ్ళి క్షమించమన్నాను. ఆయన నా భుజం తట్టి, "కియెన్ తియేనె బోకా, సె ఎకివోకా" అన్నారు. నోరున్నవాడు పొరబడతాడు. మీ కింది ఇంటావిడ కూడా ఇదే మాట అంటారని నా ఆశ.

ఇక మీ అత్తమామల విషయం. "ఎల్ కసాదో కాసా కియేరె" అని ఆవిడ అన్నది మీ అత్తమామలను కాదనడానికి అని నేననుకోను. పెళ్ళయినవాళ్ళకు తమ పొయ్యి, తమ గడప ఉండాలనేది దాని సారం. కొడుకు కోడలు వేరు కాపురం పెడుతుంటే సమర్థించడానికి అక్కడి పెద్దవాళ్ళే ఈ మాట అంటారు. మనం "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అంటాం, కానీ అందులో గొడవ వాసన ఉంది. వాళ్ళ సామెతలో అది లేదు. పైగా అక్కడ అమ్మానాన్నలను దూరం పెట్టే అలవాటని అనుకోకండి. స్పెయిన్‌లో పిల్లలు పుట్టింటి నుంచి బయటికి వచ్చేది సగటున 30 ఏళ్ళ వయసులోనే. బడి అయ్యాక పిల్లలను తీసుకొచ్చేది చాలా ఇళ్ళల్లో తాతలూ అమ్మమ్మలే.

ఆవిడ ఆ మాట అన్నప్పుడు మీ గొంతులో ఏముందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు వస్తున్నారని సంతోషంగా చెప్పారా, టెన్షన్‌తో చెప్పారా? టెన్షన్‌తో అయితే, నీకు అలా అనిపించడం తప్పేం కాదమ్మా అని ఆవిడ మీ పక్షాన అన్నారేమో. ఊహించుకోవడం కంటే అడగడం నయం. ఎలాగూ వెళ్తున్నారు. సున్నుండలు తిన్నాక, "ఆ రోజు మీరన్నది నాకు సరిగ్గా అర్థం కాలేదు" అనండి. సామెత అర్థం అడిగితే పెద్దవాళ్ళు సంతోషంగా చెబుతారు, ఏ దేశంలోనైనా.

నేర్చుకోవాలా, వదిలేయాలా అన్నారు. నేర్చుకోండి. కానీ ముందు చెవితో, చాలా రోజుల తర్వాత నోటితో. దోన్ కిహోతె నవల రెండో భాగంలో, సాంచో ఒక ద్వీపానికి గవర్నరుగా బయల్దేరే ముందు దోన్ కిహోతె అతన్ని సామెతల గురించి మందలిస్తాడు. సామెతలు చిన్న చిన్న నీతివాక్యాలే గానీ నువ్వు వాటిని జుట్టు పట్టుకుని లాక్కొస్తావు, అందుకే అవి తెలివితక్కువ మాటల్లా వినపడతాయి అని. ఏం చేయను, మాట్లాడబోతే నోట్లోకి అన్నీ ఒకేసారి వచ్చి, ముందు నేనంటే నేనని కొట్టుకుంటాయి అంటాడు సాంచో. సాంచోకి అవి అమ్మ పాలతో వచ్చినవి. మనం కాగితం చూసి నేర్చుకుంటున్నవాళ్ళం, మనకు ఇంకా జాగ్రత్త కావాలి.

వినేటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు సామెతను చాలాసార్లు సగమే చెప్పి ఆపేస్తారు. "క్రీయా క్వెర్వోస్..." అని ఊరుకుంటారు. కాకులను పెంచు, అవి నీ కళ్ళే పొడుస్తాయి అన్నది మొత్తం సామెత, పాముకు పాలు పోయడం లాంటిది. మనం "ఆడలేక..." అని ఆపేస్తే మిగతాది ఎదుటివాళ్ళే పూరించుకుంటారు కదా. ఆవిడ మాట మధ్యలో ఆపి మీ వంక చూస్తే, రెండో సగం మీకు తెలుసా అని చూస్తున్నారన్నమాట. తెలియకపోతే తెలియదని చెప్పండి.

ఒకదానికొకటి అడ్డం వచ్చే సామెతలు చూసి కూడా కంగారు పడొద్దు. పొద్దున్నే లేచేవాడికి దేవుడు సాయం చేస్తాడు అంటారు. ఎంత పెందలాడే లేచినా తెల్లవారడం ముందుకు జరగదు అని కూడా అంటారు. రెండూ ఒకే నోట వినొచ్చు. "ఆలస్యం అమృతం విషం" అన్న తాతయ్యే మర్నాడు "నిదానమే ప్రధానం" అనలేదా? పరీక్షకు చదవని పిల్లకు మొదటిది. రెసిడెన్స్ కార్డు ఎప్పుడొస్తుందోనని నిద్ర మానుకున్న కోడలికి రెండోది. ఎవరికి ఏది ఎప్పుడు వేయాలో తెలిసిన ఇంటి వైద్యం లాంటిదిది.

వాతావరణం మీద ఉన్నవి మాత్రం నిర్భయంగా వాడండి, వాటితో ఎవరి మనసూ నొచ్చుకోదు. వేసవికి ముందు ఆవిడ నోట ఒకటి వినే ఉంటారు: "అస్తా ఎల్ క్వరెంతా దె మాయో, నో తె కీతెస్ ఎల్ సాయో." మే 40వ తేదీ దాకా పైబట్ట తీయకు. మేలో 31 రోజులే కాబట్టి 40వ తేదీ అంటే జూన్ 9. సాయో అంటే పాతకాలంలో పల్లె జనం తొడుక్కునే వదులు చొక్కా. మాడ్రిడ్ సముద్రానికి దూరంగా, సుమారు 650 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. మే చివర మధ్యాహ్నం ఎండ మండుతుంది, పొద్దు వాలగానే చలిగాలి తిరుగుతుంది. మన ఆరుద్ర కార్తె, రోహిణి కార్తె సామెతల్లాగే ఇది కూడా పొలంలో నిలబడి ఆకాశం చూసినవాళ్ళు చెప్పింది.

కొన్ని ఉన్నాయి, అవి మీ కాగితంలో ఉంటే అర్థం తెలుసుకుని అక్కడే వదిలేయండి. పరువు గల ఆడది కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో ఉండాలనే సామెత ఒకటి. "ఆడది తిరిగి చెడుతుంది, మగవాడు తిరక్క చెడతాడు" అనేదానికి తోబుట్టువు. రెత్తం వస్తేనే అక్షరం వస్తుంది, "లా లెత్రా కొన్ సాంగ్రె ఎంత్రా", అనేది ఇంకొకటి. ఆ పేరుతోనే స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన బొమ్మ జరగోసా మ్యూజియంలో ఉంది. వంగిన పిల్లవాడి మీద పంతులు కొరడా ఎత్తి ఉంటాడు. చూస్తే సామెత మీద కోపం వస్తుంది. పాతవైనంత మాత్రాన వీటిని ముందు తరానికి అందించే బాధ్యత మనకు లేదు. మీ పాపకు అసలే వద్దు.

సామెతల పుస్తకాలు కావాలంటే స్పెయిన్‌లో కొదవ లేదు. సలమాంకా విశ్వవిద్యాలయంలో గ్రీకు చెప్పిన ఎర్నాన్ నూన్యెస్ పోగుచేసిన వేల సామెతలు ఆయన పోయాక 1555లో అచ్చయ్యాయి. అక్కడే పాఠం చెప్పిన గొన్సాలో కొర్రెయాస్ 1627 నాటికి కూర్చిన పెద్ద సంకలనం 1906 దాకా అచ్చుకే నోచుకోలేదు. నాకు వాటన్నిటికంటే ఇష్టమైనది 1508లో సెవిల్లాలో అచ్చయిన చిన్న పుస్తకం. సాంతియానా మార్కీస్ అనే గొప్ప ప్రభువు పోగుచేశారని దాని మీద ఉంటుంది. కవి, యుద్ధాలు చేసినవాడు. ఆ పుస్తకం పేరులోనే సామెతలు ఎవరివో చెప్పేశారు: పొయ్యి పక్కన కూర్చుని ముసలమ్మలు చెప్పే సామెతలు అని. ఆ ముసలమ్మల్లో ఒకరు మీ కింది అంతస్తులో ఉన్నారు. 50 సామెతల కాగితం మడిచి పెట్టి, ఆవిడ దగ్గర వారానికి ఒకటి నేర్చుకోండి. ఎవరితో అంటారు, ఎప్పుడు అంటారు, ఎప్పుడు అనకూడదు అని అడిగి మరీ రాసుకోండి. జనవరిలో మీ అత్తగారు వచ్చాక ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఆవిడ ఒకటి చెబితే మీ అత్తగారు దానికి జోడీ చెబుతారు, మధ్యలో మీరు అర్థం చెబుదురుగాని.

ఈ సాయంత్రం వెళ్ళేటప్పుడు పాపను కూడా తీసుకెళ్ళండి. స్వెట్టర్ వేసి.